అమ్ముడుపోని తుపాకీ తిరిగి తీసుకోవడానికి ఒక్క కాగితం చాలదా?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హోం శాఖల కార్యదర్శులకు, జిల్లా కలెక్టర్లకు, పోలీసు కమిషనర్లకు, లైసెన్సు ఉన్న ఆయుధ డీలర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అందరికీ నమస్కారం.

నేను ఒక ప్రైవేటు స్కూల్లో అకౌంట్స్ చూసుకుంటాను. మా నాన్న సైన్యంలో 24 ఏళ్లు చేసి హవల్దారుగా రిటైరయ్యారు. ఆ తర్వాత 12 బోరు డబుల్ బ్యారెల్ తుపాకీకి లైసెన్సు తీసుకుని, 16 ఏళ్లు బ్యాంకు గార్డుగా పనిచేశారు. ఆ తుపాకీని అమ్మిపెట్టమని 2022 మార్చిలో ఒక లైసెన్సు డీలరుకు అప్పగించాం. అది అమ్ముడుపోలేదు. 2023 జూన్‌లో తిరిగి ఇమ్మని అడిగాం. ఈ ఉత్తరం రాస్తున్న రోజుకి కూడా మా చేతికి రాలేదు. ఈలోగా మేం ఇచ్చిన అర్జీలు తొమ్మిది. అందులో ఒక్కదానికీ రాతపూర్వకంగా జవాబు రాలేదు. అందుకే ఇప్పుడు అందరూ చదివేలా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. తుపాకీ లైసెన్సుల్లో సడలింపు ఇమ్మని నేను అడగడం లేదు. తుపాకీ ఇంట్లో ఉంటే ఎంత భయంగా, ఎంత జాగ్రత్తగా ఉండాలో తెలిసిన ఇంట్లో పెరిగాను. నాన్న డ్యూటీ నుంచి రాగానే తూటాలు వేరుగా, తుపాకీ వేరుగా, రెండు బీరువాల్లో పెట్టి తాళాలు వేసేవారు. ఆ తాళంచెవులు ఎక్కడుంటాయో అమ్మకి తప్ప మాకెవరికీ తెలియదు. పరిశీలన జరగాల్సిందే. ఆ పరిశీలన ఎవరు చేయాలి, ఏ కాగితం చూసి చేయాలి, ఎన్నాళ్లలో తేల్చాలి అనేది రాసిపెట్టి ఉండాలి. మేం అడిగేది అదొక్కటే.

జరిగింది ఇది.

58 ఏళ్లు వచ్చాక నాన్నకు రెండు కళ్లలోనూ శుక్లాలు ముదిరాయి. గార్డు పని మానేశారు. పని లేనప్పుడు తుపాకీ ఇంట్లో ఎందుకు, అమ్మేద్దాం అనుకున్నారు. సొంతంగా అమ్మాలంటే కొనేవాళ్లకీ లైసెన్సు ఉండాలి. వాళ్ల పేరు, చిరునామా రాసి జిల్లా మేజిస్ట్రేటుకో పోలీస్ స్టేషనుకో ముందే తెలియజేయాలి. ఆ తర్వాత కనీసం 45 రోజులు ఆగాలి. ఆయుధ చట్టం సెక్షన్ 5లోనే ఇదంతా ఉంది. అలాంటి కొనుగోలుదారుణ్ణి మాలాంటి వాళ్లం ఎక్కడని వెతుకుతాం? కాబట్టి అందరూ చేసేదే మేమూ చేశాం. డీలరు దగ్గర పెట్టి, అమ్ముడుపోతే ఆయన కమిషన్ పోగా మిగతాది మాకు ఇచ్చేలా మాట్లాడుకున్నాం.

అప్పగించడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. డీలరు తుపాకీ నంబరు చూసి రిజిస్టర్లో రాసుకున్నారు. ట్రిగ్గర్ గార్డుకి పురికొసతో ఒక అట్టముక్క కట్టారు. కార్బన్ పెట్టి రాసిన అరకాగితం రసీదు మా చేతికిచ్చారు. లైసెన్సు పుస్తకంలో "డిపాజిటెడ్ ఫర్ సేల్" అని రాసి స్టాంపు వేశారు. ఆ మూడు మాటల మీదే మా కథంతా నడిచింది.

ఏడాది దాటినా ఎవరూ కొనలేదు. పాత డబుల్ బ్యారెల్‌కి ఇప్పుడు అడిగేవాళ్లు లేరని డీలరు చెప్పారు. 2019 డిసెంబరులో చట్టం మారి, ఒక్కొక్కరికి మూడు తుపాకులకు బదులు రెండే ఉండాలన్నారు. మూడోది ఉన్నవాళ్లు ఏడాదిలోగా ఠాణాలో గానీ డీలరు దగ్గర గానీ అప్పగించాలన్నారు. "దాంతో రాక్ అంతా ఇలాంటివే ఉండిపోయాయి హవల్దారు గారూ" అని ఆయన చూపించారు కూడా. ఆయన చెప్పింది అబద్ధమని నేననను.

ఈలోగా నాన్నకు కళ్ల ఆపరేషన్లు బాగా జరిగాయి. ఒక రైస్ మిల్లు వాళ్లు రాత్రి కాపలాకి రమ్మన్నారు. సొంత తుపాకీ ఉన్న గార్డు కావాలని వాళ్ల షరతు. లైసెన్సుకి ఇంకా ఆరు నెలల గడువుంది. తుపాకీ ఆయనదే, లైసెన్సు ఆయనదే. వెళ్లి తెచ్చుకోవడమే కదా అనుకున్నాం.

డీలరు "కలెక్టరాఫీసు నుంచి లెటర్ తెండి" అన్నారు. కలెక్టరాఫీసులో గుమాస్తా గారు పుస్తకం తిరగేసి "మీరు అమ్మేశారు కదా పెద్దాయనా, ఇప్పుడు మళ్లీ కొన్నట్టే అవుతుంది, కొత్తగా పెట్టుకోండి" అన్నారు. అమ్మలేదు, అమ్మకానికి పెట్టాం అని నాన్న చెప్పారు. "సేల్ అని ఉంది కదా" అని ఆయన ఆ మాట మీద వేలు పెట్టి చూపించారు. కొత్తగా అంటే మళ్లీ పోలీసు విచారణ, మళ్లీ మెడికల్ సర్టిఫికెట్, ఆయుధ భద్రతా శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్. 24 ఏళ్లు ఆర్మీలో ఉన్న మనిషికి, అదే తుపాకీతో 16 ఏళ్లు బ్యాంకు గుమ్మంలో నిలబడ్డ మనిషికి, తుపాకీ ఎలా పట్టుకోవాలో నేర్చుకున్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. నాన్న ఏమీ అనలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూడా ఏమీ మాట్లాడలేదు.

పోలీస్ స్టేషనుకు వెళ్తే డీలరు రిజిస్టర్లో మా తుపాకీ ఉన్న పేజీ జెరాక్స్ తెమ్మన్నారు. డీలరేమో రిజిస్టర్ జెరాక్స్ బయటివాళ్లకి ఇవ్వకూడదన్నారు. పై అధికారి అడిగితే ఇస్తానన్నారు. ఆ అధికారి అడగాలంటే స్టేషను నుంచి రిపోర్టు రావాలి. స్టేషను వాళ్లు రిపోర్టు రాయాలంటే ఆ జెరాక్స్ కావాలి. ఇలా నాలుగు నెలలు తిరిగాం. పైగా 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు మా ఊరు వేరే జిల్లా కేంద్రం కిందికి వెళ్లింది. నాన్న పాత ఫైలు ఏ ఆఫీసులో ఉందో చెప్పడానికే రెండు ఆఫీసులూ ఆరు వారాలు తీసుకున్నాయి.

డిసెంబరులో లైసెన్సు గడువు అయిపోయింది. రెన్యువల్‌కి వెళ్తే తుపాకీ తెచ్చి చూపించమన్నారు. తుపాకీ డీలరు దగ్గరుంది. లైసెన్సు రెన్యువల్ అయితే తప్ప ఆయన ఇవ్వరు. తుపాకీ చూపిస్తే తప్ప ఇక్కడ రెన్యువల్ కాదు. 2024 మార్చి 16న ఎన్నికల షెడ్యూలు వచ్చింది. "ఇప్పుడు తుపాకుల సంగతి ఎత్తకండి, ఎలక్షన్లు అయ్యాక రండి" అన్నారు. జూన్ 4న ఫలితాలు వచ్చాయి. తర్వాతి సోమవారం గ్రీవెన్స్‌లో మళ్లీ అర్జీ పెట్టాం. ఆర్‌టీఐ కింద ఒకే ప్రశ్న అడిగాను: అమ్ముడుపోని ఆయుధాన్ని డీలరు దగ్గర్నుంచి సొంతదారు తిరిగి తీసుకోవాలంటే ఏ నిబంధన ప్రకారం, ఏ కాగితాలు ఇవ్వాలి? "మీ దరఖాస్తును సంబంధిత సెక్షన్‌కు పంపాం" అని ఉత్తరం వచ్చింది. ఆ సెక్షన్ నుంచి ఏమీ రాలేదు.

రైస్ మిల్లు వాళ్లు రెండు నెలలు చూసి వేరే మనిషిని పెట్టుకున్నారు.

ఆ మధ్యలో ఒకసారి తుపాకీని చూసి వద్దామని నాన్నతో నేనూ వెళ్లాను. డీలరు లోపలి గదిలోంచి తెచ్చి కౌంటరు మీద పెట్టారు. అట్టముక్క మీద నంబరు వెలిసిపోయింది. నాన్న తుపాకీని మడిచి తెరిచి, ట్యూబులైటు వైపు పెట్టి, ఒక కన్ను మూసి గొట్టాల్లోకి చూశారు. చాలాసేపు చూశారు. "కుడి గొట్టంలో మచ్చలొచ్చాయమ్మా" అన్నారు. ఇంట్లో ఉన్నన్నాళ్లూ ప్రతి ఆదివారం ఉదయం పుల్‌త్రూకి, అంటే గొట్టం శుభ్రం చేసే తాడుకి, నూనెగుడ్డ చుట్టి లాగేవారు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదిలేవారు కాదు. ఆరోజు జేబులోంచి రుమాలు తీసి కనబడ్డ మేర బయట తుడిచి, మళ్లీ కౌంటరు మీద పెట్టేశారు. తన వస్తువుని పరాయివాళ్లది పెట్టినట్టు పెట్టారు. నాకు అది చూడటం కష్టమైంది.

ఇక చట్టం సంగతి. నేను లాయర్ని కాను. కానీ ఈ రెండేళ్లలో 1959 ఆయుధ చట్టం చాలాసార్లు చదివాను. లైసెన్సు గడువు అయిపోయినా, సస్పెండ్ చేసినా, రద్దయినా, తుపాకీని ఆలస్యం లేకుండా ఠాణాలో గానీ లైసెన్సు డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేయాలని సెక్షన్ 21 చెబుతోంది. అదే సెక్షన్, డిపాజిట్ చేసినవాళ్లు మళ్లీ అర్హులైతే దాన్ని తిరిగి పొందే హక్కు ఉందని కూడా చెబుతోంది. వాళ్లు చనిపోతే ఆ హక్కు వారసులది. అర్హత ఉన్నవాళ్లకి అమ్ముకుని డబ్బు తీసుకునే హక్కూ ఉంది. గడువులోగా తిరిగి తీసుకోకపోతే, అమ్ముకోనూ లేకపోతే జిల్లా మేజిస్ట్రేటు ఉత్తర్వుతో ప్రభుత్వపరం అవుతుంది. అంటే లైసెన్సు పోయినవాళ్ల విషయంలోనే చట్టం తిరిగి పొందే హక్కుని ఇంత స్పష్టంగా రాసింది. లైసెన్సు బతికుండగానే, ఏ కేసూ లేకుండా, తనంతట తాను అమ్మకానికి పెట్టినవాళ్లకి ఆ హక్కు తక్కువ ఎలా అవుతుంది?

ఇంకో సంగతి. కొత్త లైసెన్సుకి దరఖాస్తు చేస్తే పోలీసు రిపోర్టు గడువులోగా రాకపోయినా, దాని కోసం ఆగకుండా లైసెన్సు అధికారి ఉత్తర్వు ఇవ్వవచ్చని సెక్షన్ 13లో ఉంది. కాదంటే కారణాలు రాయాలని సెక్షన్ 14లో ఉంది. దానిమీద అప్పీలు చేసుకునే హక్కు సెక్షన్ 18లో ఉంది. మాకు "ఇవ్వం" అని ఎవరూ రాసివ్వలేదు. "రేపు రండి" అన్నారు. "రేపు రండి" అన్న మాట మీద అప్పీలుకు ఎలా వెళ్లాలి?

దీనివల్ల మామూలు మనుషులకు జరుగుతున్న నష్టం ఇది.

1. ముందు పోయేది ఉపాధి. గోదావరి జిల్లాల్లో మిలటరీ మాధవరం లాంటి ఊరుంది. తరతరాలుగా ఇంటింటి నుంచీ సైన్యంలోకి వెళ్లినవాళ్లు అక్కడ ఉన్నారు. మిగతా జిల్లాల్లోనూ మాజీ సైనికులు తక్కువేం లేరు. నలభై ఏళ్లకే రిటైరై వచ్చే జవాన్లకి సొంత తుపాకీతో గార్డు పని ఒక దారి. బ్యాంకు, బంగారం షాపు, క్యాష్ వ్యాన్, మిల్లు, గోడౌన్ ఏదైనా కావచ్చు. ఆ తుపాకీ ఆరు నెలలు చిక్కుబడితే ఆ పని ఆరు నెలలు ఆగదు, వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. పెన్షన్‌తోపాటు నెలకి వచ్చే ఆ పది, పన్నెండు వేలతోనే మనవల ఫీజులు కట్టే ఇళ్లున్నాయి. మాదీ అలాంటి ఇల్లే.

2. జైలు భయం. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గరుంటే 2019 సవరణ తర్వాత కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు శిక్ష. పుస్తకంలో ఎంట్రీ సరిగా లేకుండా డీలరు "తీసుకెళ్లండి" అన్నా, దారిలో ఎవరైనా ఆపితే ఏం జరుగుతుందో అన్న టెన్షన్ సొంతదారుకే. డీలరుకీ ఆ భయం ఉంది. అందుకే ఆయన లెటర్ అడుగుతున్నారు. ఆయన అడగడం తప్పనను. ఆ లెటర్ ఎవరివ్వాలో రాసి లేకపోవడమే తప్పు.

3. చనిపోయినవాళ్ల తుపాకులు. అసలు బాధంతా ఇక్కడే ఉంది. భర్త అమ్మకానికి పెట్టిన తుపాకీ డీలరు దగ్గరుండగా ఆయన పోతే, ఆ భార్యకి ఆ తుపాకీ ఎక్కడుందో కూడా తెలియకపోవచ్చు. రసీదు ఎక్కడో పాత ఫైల్లో ఉంటుంది. తెలిసినా వారసుల సర్టిఫికెట్, మిగతా వారసుల అంగీకార పత్రాలు, నోటరీ అంటూ పట్నంలో తిరగాలి. 2016 ఆయుధ నిబంధనల్లో వారసులకు లైసెన్సు ఇచ్చే దారి ఉంది. సొంతదారుకి 70 ఏళ్లు దాటినా, 25 ఏళ్లు ఆ తుపాకీ ఉన్నా, బతికుండగానే వారసుల్లో ఒకరి పేరు మీదికి మార్పించుకోవచ్చు. ఎంతమందికి ఈ సంగతి తెలుసు? కలెక్టరాఫీసు గోడ మీద ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాసి ఎక్కడైనా అంటించారా? నేను తిరిగిన ఆఫీసుల్లో నాకు కనబడలేదు. తెలియకుండానే గడువు దాటిపోతే, వాళ్లకి డబ్బుగా రావాల్సింది ప్రభుత్వపరం అవుతుంది.

4. చేను కాపలా. పంట రక్షణకు ఒంటి గొట్టం తుపాకీకి లైసెన్సు ఉన్న రైతులు ఉన్నారు. ఒక ఏడాది పొలం కౌలుకిచ్చి తుపాకీ డీలరు దగ్గర పెట్టినవాళ్లు, మళ్లీ సాగు మొదలుపెట్టినప్పుడు తిరిగి తెచ్చుకోలేకపోతే అడవిపందులు ఆగవు.

5. ఖర్చు. మేం ఇప్పటిదాకా 31 సార్లు తిరిగాం. నా ఉద్యోగం అకౌంట్స్ కాబట్టి టికెట్లన్నీ దాచాను. బస్సులకి, జెరాక్సులకి, నోటరీకి, నాన్న మెడికల్ సర్టిఫికెట్‌కి 14,260 రూపాయలు అయింది. నేను పెట్టిన సెలవులకి కోసిన జీతం అందులో లేదు. డీలరు అడుగుతున్న కస్టడీ చార్జీలు కూడా లేవు. అమ్మకానికి పెట్టిన రోజు ఆ చార్జీల మాట ఎవరూ ఎత్తలేదు. రసీదులోనూ లేదు. తిరిగి అడిగాకే వచ్చింది.

6. ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు, పోలీసు శాఖ కూడా ఆలోచించాల్సిన విషయం. అప్పగించడం పది నిమిషాల పని, తిరిగి తెచ్చుకోవడం ఏళ్ల పని అని ఊళ్లో తెలిస్తే ఎవరు అప్పగిస్తారు? మా నాన్న స్నేహితుడు ఒకాయన తన తుపాకీ కూడా అమ్మకానికి పెడదామనుకున్నారు. మా సంగతి చూసి మానుకున్నారు. ఆయనకి 71 ఏళ్లు. చేతులు వణుకుతాయి. ఆ తుపాకీ ఇప్పుడు ఆయన మంచం కింద పెట్టెలో ఉంది. ఇంట్లో ముగ్గురు మనవలున్నారు. అది డీలరు తాళం కింద ఉండటం మంచిదా, ఆ మంచం కింద ఉండటం మంచిదా? వాడకం లేని తుపాకులు ఇళ్లల్లోంచి బయటికి రావాలంటే, ఇచ్చినవాళ్లకి నమ్మకం కలగాలి.

వేరే దేశాల్లో ఎలా ఉందని కొందరు అడుగుతారు. అమెరికాలో తుపాకులు కొనడం మనకంటే ఎంత తేలికో, దానివల్ల అక్కడ ఏం జరుగుతోందో అందరం చూస్తున్నాం. ఆ పద్ధతి మనకు రావాలని నేను కోరుకోను. కానీ ఈ ఒక్క విషయంలో వాళ్లు ఏం చేశారో చూడండి. అక్కడ కూడా అమ్మిపెట్టమని డీలరుకిచ్చిన తుపాకీ అమ్ముడుపోక సొంతదారే తిరిగి తీసుకుంటే, కొత్తగా కొన్నవాళ్లలాగే ఫారం 4473 నింపాలి, నేరచరిత్ర తనిఖీ జరగాలి. నా తుపాకీకి నాకే తనిఖీ ఏమిటని అక్కడివాళ్లూ విసుక్కుంటారు. రిపేరుకి ఇచ్చిన తుపాకీ తిరిగి తీసుకుంటే మాత్రం ఆ ఫారం అక్కర్లేదు. అంటే ఏ పనికి ఇచ్చిన తుపాకీని ఎలా తిరిగి తీసుకోవాలన్నది ముందే రాసి ఉంది. ఆ తనిఖీ 1998 నవంబరు నుంచి కేంద్ర వ్యవస్థ ద్వారా జరుగుతోంది. చాలావరకు డీలరు కౌంటరు దగ్గరే నిమిషాల్లో తేలుతుంది. అర్హత లేదని తేలితే తుపాకీ ఇవ్వరు. మేం అడిగేది కూడా ఇదే. తనిఖీ చేయండి, అర్హత లేకపోతే ఇవ్వకండి. ఉంటే ఇవ్వండి. ఏదైనా ఒకటి చెప్పండి.

మన దగ్గరా ఆ సౌకర్యం లేక కాదు. ప్రతి లైసెన్సుకీ జాతీయ ఆయుధ లైసెన్సుల డేటాబేస్‌లో విశిష్ట గుర్తింపు సంఖ్య ఉంది. ఆ నంబరు లేని లైసెన్సు చెల్లదని ప్రభుత్వమే అన్నది. నాన్నకీ ఆ నంబరుంది. దాన్ని కంప్యూటర్లో కొడితే లైసెన్సు ఎవరిది, ఏ తుపాకీ, ఎప్పటిదాకా అన్నది అధికారికి కనబడుతుంది. అక్కడే డీలరు దగ్గర ఉందన్న ఎంట్రీ కూడా ఉంటే, మేం ఆఫీసు ఆఫీసుకీ జెరాక్సులు మోయాల్సిన పనేముంది?

కాబట్టి మా డిమాండ్లు ఇవి.

1. డీలరుకు తుపాకీ అప్పగించినప్పుడు ఇచ్చే రసీదు రెండు రాష్ట్రాల్లోనూ ఒకే నమూనాలో, తెలుగులో ఉండాలి. రిపేరుకా, భద్రపరచడానికా, అమ్మిపెట్టడానికా, లేక డీలరుకే అమ్మేశారా అన్న నాలుగు గళ్లలో ఒకదానికి టిక్కు పెట్టాలి. మొదటి మూడింటిలో తుపాకీ సొంతదారుదేనని ఆ కాగితం మీదే రాసి ఉండాలి. లైసెన్సు పుస్తకంలోనూ అదే మాట రాయాలి. "సేల్" అన్న ఒక్క మాట మీద ఇంకెవరూ మాలాగా రెండేళ్లు తిరగకూడదు.

2. లైసెన్సు గడువులో ఉండి, సొంతదారు మారకపోతే, రసీదూ లైసెన్సూ చూసి తుపాకీ తిరిగి ఇవ్వడానికి ఒకే దరఖాస్తు, ఒకే అధికారి ఉండాలి. డేటాబేస్‌లోనూ, స్టేషను రికార్డుల్లోనూ తనిఖీ చేసి 15 రోజుల్లో తేల్చాలి. ఈ మధ్యకాలంలో కేసులు పడ్డాయా, ఇంట్లో హింస గురించి ఫిర్యాదులున్నాయా, ఆరోగ్యం మారిందా అన్నది ఆ 15 రోజుల్లోనే చూడండి.

3. ఇవ్వకూడదనుకుంటే కారణాలు రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. అప్పీలు చేసుకుంటాం.

4. దీన్ని కొత్త కొనుగోలుగా చూడొద్దు. అదే లైసెన్సు మీద, అదే నంబరు తుపాకీకి మళ్లీ శిక్షణ సర్టిఫికెట్ అడగొద్దు.

5. తుపాకీ డీలరు దగ్గరుండగా లైసెన్సు గడువు వస్తే, "నా కస్టడీలో ఉంది" అని నంబరుతో సహా డీలరు రాసిచ్చిన కాగితాన్ని రెన్యువల్‌కి ఒప్పుకోవాలి. చూడాలనుకుంటే ఒక కానిస్టేబుల్ డీలరు షాపుకు వెళ్లి చూడవచ్చు. ఆ షాపుల్ని పోలీసులు ఎలాగూ తనిఖీ చేస్తారు.

6. సొంతదారు చనిపోతే, ప్రభుత్వపరం చేసే ముందు వారసులకు రిజిస్టర్డ్ పోస్టులో తెలుగులో నోటీసు వెళ్లాలి. ఏం కాగితాలు కావాలో, ఎన్నాళ్లు గడువుందో, తుపాకీ వద్దనుకుంటే ఎలా అమ్ముకోవచ్చో అందులో ఉండాలి. రసీదు మీద వారసుల ఫోన్ నంబరు రాసుకుంటే ఈ పని డీలర్లకీ తేలికవుతుంది.

7. జిల్లాలు విడిపోయినప్పుడు మారిన లైసెన్సు ఫైళ్లు ఎక్కడున్నాయో జాబితా పెట్టండి. లైసెన్సుదారు వెతుక్కోవాల్సిన పని కాదది.

8. ఎన్నికల సమయంలో ఎవరెవరు తుపాకులు డిపాజిట్ చేయాలో స్క్రీనింగ్ కమిటీ చూసి నిర్ణయించాలనీ, ఫలితాలు వచ్చిన వారం తర్వాత తిరిగి ఇచ్చేయాలనీ ఎన్నికల సంఘం సూచనలే ఉన్నాయి. అప్పటికే డీలరు తాళం కింద ఉన్న తుపాకీ ఫైలుని ఆ పేరు చెప్పి నెలల తరబడి పక్కన పెట్టకండి.

డీలర్లకు విడిగా ఒక విన్నపం. మీ మీద తనిఖీల ఒత్తిడి ఉందని తెలుసు. ఒక్క నంబరు తప్పు పడితే మీ లైసెన్సుకే ఎసరు. కానీ మీ దగ్గర పెట్టిన ప్రతి తుపాకీ వెనక ఒక ఇల్లుంది. చార్జీలుంటే మొదటిరోజే రసీదు మీద రాయండి. మూడు నెలలకోసారి గొట్టాల్లో నూనెగుడ్డ లాగించండి, దానికయ్యే ఖర్చు మా దగ్గర తీసుకోండి. ఏడాది దాటినా అమ్ముడుపోకపోతే "తిరిగి తీసుకెళ్తారా, ధర తగ్గించమంటారా" అని ఒక్క ఫోన్ చేయండి. మీ సంఘాలు కూడా ఈ రసీదు నమూనా కోసం ప్రభుత్వాన్ని అడిగితే, మీకూ ఈ "లెటర్ తెండి" గొడవ తప్పుతుంది.

ఇలాంటి అనుభవం ఉన్న మాజీ సైనికులు, రైతులు, భర్తనో తండ్రినో పోగొట్టుకున్న కుటుంబాలు మీరూ మీ జిల్లా కలెక్టరుకో కమిషనరుకో రాయండి. లైసెన్సు నంబర్లు, తుపాకీ నంబర్లు బయట ఎక్కడా పెట్టకండి, అర్జీలో మాత్రమే రాయండి. అర్జీ ఇచ్చిన ప్రతిసారీ తేదీతో రసీదు అడిగి తీసుకోండి. మేం మొదటి మూడుసార్లు అది చేయలేదు. అందుకే ఆ మూడూ అసలు ఇచ్చినట్టే లేదన్నారు.

మా విషయానికొస్తే, నాన్న లైసెన్సు పుస్తకం, ఆ అరకాగితం రసీదు, ఆరు అర్జీల రసీదులు, ఆర్‌టీఐ జవాబు, కళ్ల డాక్టరు సర్టిఫికెట్ అన్నీ ఒకే కవర్లో పెట్టి ఉంచాను. రెన్యువల్ ఫీజు కట్టిన చలానా కూడా అందులోనే ఉంది. ఏ ఆఫీసుకి, ఏ తేదీన, ఎవర్ని కలవమంటారో ఒక్క ఉత్తరం ముక్క రాయండి. నాన్నను తీసుకుని వస్తాను.

ఇట్లు,
ఒక మాజీ హవల్దారు కూతురు
గోదావరి జిల్లాల నుంచి